శాసనసభలో సుందరయ్య

పోయిన ఎండాకాలం ఒక ఊళ్ళో రాత్రిపూట కూలీల మీటింగు పెట్టాం. మిరపకోతల నుంచి వచ్చి, పొయ్యి రాజేసి, నాలుగు మెతుకులు తిన్నాక గాని ఆడవాళ్ళు రాలేరు కదా. తొమ్మిదింటికి మొదలైంది. మే నెల కాబట్టి సుందరయ్యగారి గురించి నాలుగు మాటలు చెప్పాం. అయ్యాక ఒక కుర్రాడు లేచి, అన్నేళ్ళు ఎమ్మెల్యేగా ఉండి ఆయన మనకు ఒరగబెట్టిందేమిటని అడిగాడు. పెద్దామె ఒకావిడ వాణ్ణి కసిరింది. మేము కసరలేదు. వాడు అడిగింది న్యాయమైన ప్రశ్నే. వాడి పేటలో సెంటు భూమి ఉన్న ఇల్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ రాత్రి మేము చెప్పిన జవాబు మాకే చాల్లేదు. అందుకే ఇది రాస్తున్నాం.

సుందరయ్య అనగానే అందరికీ సైకిలు గుర్తొస్తుంది. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళారు, హైదరాబాదులోనూ సైకిలు తొక్కారు, ఆస్తి పార్టీకిచ్చేశారు, పిల్లలు వద్దనుకున్నారు. ఇవన్నీ నిజాలే. కాని ఆ మాటలు చెప్పీ చెప్పీ ఆ సైకిలు చాటున అసలు మనిషి కనపడకుండా పోయాడని మా అనుమానం. కార్లలో తిరిగే నాయకులు కూడా జయంతికి వచ్చి సైకిలు కథ చెప్పి దండవేసి పోతున్నారు. సైకిలెక్కి ఆయన సభకు ఏం పట్టుకెళ్ళారు, సభ నుంచి ఏం పట్టుకొచ్చారు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ఆయన పుట్టింది 1913 మే 1న, నెల్లూరు జిల్లా అలగానిపాడులో. అసలు పేరు సుందరరామిరెడ్డి. భూమి, పుట్రా ఉన్న ఇల్లు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. పదిహేడేళ్ళ కుర్రాడు చదువు వదిలి ఉద్యమంలోకి దూకారు, అరెస్టయ్యారు. వయసు చాలదని బోర్‌స్టల్ స్కూలులో పెట్టారు. బయటికొచ్చాక అమీర్ హైదర్ ఖాన్‌తో పరిచయమై కమ్యూనిస్టు అయ్యారు.

మనకు ముఖ్యమైంది ఆ తరవాత ఆయన సొంత ఊరికి తిరిగొచ్చి చేసిన పని. 1930ల మొదట్లో అలగానిపాడులో వ్యవసాయ కూలీల సంఘం పెట్టారు. అప్పటికి మన జిల్లాల్లో రైతు సంఘాల మాట వినపడుతోంది గాని, కూలీకి విడిగా సంఘం ఉండాలన్న ఆలోచన చాలామందికి రాలేదు. రైతు కష్టం తీరితే కూలీ కష్టం దానంతటదే తీరుతుందనుకునే రోజులవి. ఈయన రాత్రి బడి నడిపారు. షావుకారు ధరలకు పోటీగా కూలీలకు సరుకులు చౌకగా ఇచ్చే దుకాణం పెట్టారు. మందులిచ్చారు. అంటరానితనం పాటించనని అందరికీ తెలిసేట్టు మాలమాదిగ పేటలలో తిరిగారు. సొంతవాళ్ళకు మండింది. మండకుండా ఎలా ఉంటుంది? కూలిరేటు పెంచమని అడుగుతున్నది బయటివాడు కాదు, తమ ఇంటి కుర్రాడే.

పేరు చివర రెడ్డి అన్న తోక తీసేశారు. ఇక్కడ మేము ఒక మాట దాచకుండా చెప్పాలి. తోక తీసేసినంత మాత్రాన కులం పోదు, అది మన పేటల్లో ఎవరిని అడిగినా చెబుతారు. డెల్టాలో కమ్యూనిస్టు నాయకులు చాలామంది భూమి ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. కూలీకి వాళ్ళు నాయకులయ్యారు గాని, కూలీలోంచి నాయకులు తయారవటానికి చాలా ఏళ్ళు పట్టింది. సుందరయ్య తన వాటా ఆస్తి పార్టీకి ఇచ్చేశారు. ఆ పని ఎంతమంది చేశారో ఎవరి జిల్లాలో వాళ్ళు లెక్క చూసుకోవచ్చు.

1934లో ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ నిర్మాణమైంది. కేరళకు వెళ్ళి నంబూద్రిపాద్‌ను, గోపాలన్‌ను, కృష్ణపిళ్ళైని కలిసి అక్కడ పార్టీకి పునాది పడటంలో చెయ్యివేశారు. యుద్ధం రోజుల్లో అజ్ఞాతవాసం. 1943లో లీలగారిని పెళ్ళి చేసుకున్నారు. బిడ్డలుంటే పనికి అడ్డమని ఇద్దరూ అనుకుని ఆయన ఆపరేషను చేయించుకున్నారు. తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపి పేదలకు వైద్యం చేశారు. ఆ ఇంట్లో ఆయన గురించి రాస్తే అదే ఒక వ్యాసమవుతుంది.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణా సాయుధ పోరాటం మన పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది కాదు. మూడు వేల గ్రామాలలో ప్రజారాజ్యం, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేలమంది ప్రాణత్యాగం. ఈ లెక్కలు చాలావరకు మనకు అందింది 1972లో సుందరయ్య రాసిన పుస్తకం వల్లనే. ఆ పోరాట నాయకుల్లో ఒకరై, తలదాచుకు తిరుగుతూ, విరమణ తరవాత 1952లో బయటికొచ్చారు. అదే ఏడు మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్ళి అక్కడ కమ్యూనిస్టు సభ్యులకు నాయకులయ్యారు. నిన్నటిదాకా పోలీసులు వెతుకుతున్న మనిషి ఇవాళ పార్లమెంటులో లేచి నిలబడి మంత్రులను లెక్కలడుగుతున్నాడు. సైకిలు కథ అప్పటిదే.

ఇక శాసనసభ. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఏడాది తిరిగేసరికి మద్యనిషేధం గొడవ మీద ప్రకాశంగారి మంత్రివర్గం పడిపోయి 1955లో మధ్యంతర ఎన్నికలొచ్చాయి. అప్పటికి ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టుల బలం చూసి ఈసారి వాళ్ళదే ప్రభుత్వమని పందాలు కాసినవాళ్ళున్నారు. అటువైపు కాంగ్రెసు, రంగాగారి పార్టీ, మిగతావాళ్ళంతా ఒక్కటయ్యారు. పత్రికలు రోజూ కత్తి నూరాయి. ఫలితం ఏమయ్యిందంటే, ఓట్లు నూటికి ముప్పైదాకా వచ్చాయి, సీట్లు మాత్రం 196లో 15. ఆ పదిహేనుమందిలో కృష్ణాజిల్లా గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య ఒకరు. సభలో కమ్యూనిస్టుల నాయకుడు ఆయనే.

గన్నవరం ఎలాంటి ఊరో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇప్పుడు విమానాశ్రయం పేరుతో తెలుస్తోంది గాని, అది సగం డెల్టా, సగం మెట్ట ఉన్న ప్రాంతం. ఏలూరు కాలువ కింద మాగాణి, దాటితే మెరక. కాలువ కింద కూలీకి నాట్లకూ కోతలకూ పని, మెరకన వాన పడితేనే పని. నీళ్ళు, భూమి, కూలి, ఈ మూడూ ఒకే నియోజకవర్గంలో ముడిపడి ఉన్న చోటు అది. నెల్లూరు మనిషి అక్కడ వరసగా 1955లో, 1962లో, మళ్ళీ 1978లో గెలిచారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సభ హైదరాబాదుకు మారింది. విశాలాంధ్ర కావాలని, అందులో నదుల నీళ్ళు, భూములు జనానికెలా ఉపయోగపడాలో 1946లోనే విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే పుస్తకంలో రాసిన మనిషి ఆయన. ఆ రాష్ట్రం 2014లో రెండయింది. ఆ మంచిచెడ్డలు వేరే చర్చ. ఆ పుస్తకంలో మాకు నచ్చింది ఒక్కటే. రాష్ట్రం కావాలన్నవాడు రాష్ట్రమొచ్చాక ఏ ఏటి నీళ్ళు ఎక్కడికి పారాలో కూడా కూర్చుని ఆలోచించాడు.

పదిహేనుమందితో సభలో ఏం చెయ్యగలరు? ఓటింగు పెడితే ఓడిపోవటం ఖాయం. మన కుర్రాడి ప్రశ్న అక్కడే పుడుతుంది. ఇక్కడ శాసనసభ పనిచేసే తీరు కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది దాన్ని టీవీలో అరుపులుగానే చూశాం. సభ్యుడు మంత్రిని ప్రశ్న వెయ్యొచ్చు. ఫలానా తాలూకాలో బంజరు ఎంత, ఎంత పంచారు, ఎవరికిచ్చారు అని అడిగితే మంత్రి అంకెలతో జవాబు చెప్పాలి. బడ్జెట్ వచ్చినప్పుడు ఒక్కో శాఖ పద్దు మీద చర్చ ఉంటుంది. అప్పుడు పోయినేడు ఇచ్చిన డబ్బు ఏమయిందని పట్టుకోవచ్చు. బిల్లు వస్తే ఒక్కో క్లాజు మీద సవరణ పెట్టొచ్చు. సవరణ ఓడిపోతుంది. అయినా ఎవరు ఎటు చెయ్యెత్తారో రికార్డులో ఉంటుంది. సుందరయ్య ఈ పనిని కూలీ కలుపు తీసినంత ఓపికగా చేశారు. సభకు లెక్కలు లేకుండా వెళ్ళే అలవాటు ఆయనకు లేదు. మంత్రి ఇచ్చిన అంకె ఊరికొచ్చి చూసుకునే అంకె. ఊళ్ళో తేలిన అంకె మళ్ళీ సభలో పెట్టే అంకె.

దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ 1961 భూపరిమితి చట్టం. ఇది ఓపిగ్గా చదవండి. ఆ చట్టం భూమిని సారాన్నిబట్టి తరగతులు చేసి, ఒక కుటుంబ కమతమంటే మంచి మాగాణి అయితే 6 ఎకరాలు, నాసిరకం మెట్ట అయితే 72 ఎకరాలు అని కట్టింది. దానికి నాలుగున్నర రెట్లు పరిమితి. అంటే 27 ఎకరాల మాగాణి నుంచి 324 ఎకరాల మెట్ట దాకా ఒకడు ఉంచుకోవచ్చు! అయిదుగురిని మించి ఇంట్లో ఉంటే ఇంకా ఎక్కువ. పైగా చట్టం వస్తుందని ఏళ్ళ ముందే అందరికీ తెలుసు. చెరువుకు నీళ్ళు పెడుతున్నాం అని చాటింపు వేసి తూము తీసిపెట్టినట్టు అయ్యింది. ఈలోపల కొడుకుల పేర, అల్లుళ్ళ పేర, పాలేర్ల పేర రాతకోతలు జరిగిపోయాయి. కుక్కల పేర కూడా రాశారని ఊళ్ళలో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. తన పేర పదెకరాలున్నట్టు తెలియకుండానే పాలేరుతనం చేసి చచ్చిపోయినవాళ్ళున్నారు. చివరికి పంచటానికి చెప్పుకోదగ్గ భూమి తేలలేదు.

ఈ పరిమితి ఇంత పైన పెడితే మిగులు తేలదని కమ్యూనిస్టులు పోట్లాడారు. ఓడిపోయారు. సభలో మెజారిటీ ఎవరిదో భూమి కూడా ఎక్కువగా వాళ్ళదే. కనుక మన కుర్రాడికి మొదటి జవాబు ఇది: అవును, సుందరయ్యగారు సభ నుంచి మనకు భూమి తేలేకపోయారు. ఎందుకు తేలేకపోయారో మాత్రం ఎకరాలతో సహా తేల్చి చూపించారు.

1962లో కమ్యూనిస్టులు 51 మంది గెలిచి బలమైన ప్రతిపక్షంగా కూర్చున్నారు. కాని అది ఎక్కువకాలం నిలవలేదు. 1964లో పార్టీ చీలింది. సుందరయ్య మార్క్సిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ ఏడాది చివరనే దేశమంతటా ఆ పార్టీ నాయకులను పట్టుకుని విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారు. గన్నవరం ప్రజలు ఎన్నుకున్న మనిషి శాసనసభ్యుడిగా ఉంటూనే నిర్బంధంలో ఉన్నారు. చీలికలో తప్పెవరిదన్నది మేము ఇక్కడ తేల్చబోవటం లేదు. మా పెద్దలు చెప్పింది మాత్రం రాస్తాం. ఒకే ఊళ్ళో, ఒకే పేటలో నిన్నటిదాకా ఒకే జెండా కింద కూలిరేటు అడిగినవాళ్ళు రెండు జెండాలయ్యారు. ఆసామికి బేరం ఆడటం తేలికయ్యింది. 1967 ఎన్నికల్లో ఆ దెబ్బ కనపడింది. రెండు పార్టీలు కలిపి చూసినా 1962 నాటి బలంలో సగం మిగల్లేదు.

1967 నుంచి 1978 దాకా ఆయన సభలో లేరు. మా దృష్టిలో శాసనసభ్యుడిగా ఆయన చేసిన పనిలో ఒక ముఖ్యమైన భాగం ఆ సభలో లేని కాలంలోనే జరిగింది. ఇది వింతగా ఉంటుంది, చెబుతాం.

1973లో రెండో భూపరిమితి చట్టం చేశారు, 1975 జనవరి 1 నుంచి అమలుకొచ్చింది. ఈసారి పరిమితి తగ్గింది. తరగతినిబట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. కాగితం మీద బాగానే ఉంది. మరి ఊళ్ళో భూమి ఎవరి చేతిలో ఉందో ముందు తెలియాలి కదా? 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో సుందరయ్య ఆధ్వర్యంలో ఇంటింటి సర్వే జరిగింది. ఏ ఇంటికి ఎంత భూమి, ఎవరిది సొంతం, ఎవరిది కౌలు, ఎవరు కూలికి పోతున్నారు, అప్పు ఎంత. అఖిలభారత పార్టీకి ప్రధాన కార్యదర్శి, అరవయ్యేళ్ళ మనిషి, ఒక ఊరి లెక్క కోసం అంత శ్రద్ధ పెట్టారు. ఆ లెక్క ఎంత గట్టిదంటే, ముప్పై ఏళ్ళు దాటాక 2005లో పరిశోధకులు అదే ఊరికి వెళ్ళి మళ్ళీ సర్వే చేసి, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో ఆయన అంకెల పక్కన పెట్టి చూడగలిగారు.

ఇది చదివాకే మాకు బుద్ధొచ్చింది. మేము ఏడో తరగతితో బడి మానేసినవాళ్ళం. సంఘంలోకి వచ్చిన కొత్తలో ఊరేగింపు, ధర్నా, వినతిపత్రం, ఇవే పోరాటమనుకునేవాళ్ళం. ఒక ఊళ్ళో పేదలకిచ్చిన పట్టా భూములు ఎవరి సాగులో ఉన్నాయని అడగటానికి ఒక ఆఫీసుకు వెళ్ళాం. అంతా సక్రమంగా ఉందని రిజిస్టరు చూపించి పంపేశారు. తిరిగొచ్చి నోటు పుస్తకం కొనుక్కుని మేమే ఇల్లిల్లూ తిరిగాం. ఆడకూలీలు తాడు పట్టుకుని పొలం కొలిచారు. రిజిస్టరులో పేరున్నవాళ్ళలో కొందరు ఎప్పుడో చనిపోయారు. ఒకావిడకు పట్టా ఉందని ఆవిడకే తెలియదు. ఆవిడ అదే పొలంలో ఏళ్ళతరబడి కలుపుకూలికి పోతోంది! ఆ పుస్తకం పట్టుకుని మళ్ళీ వెళ్ళినప్పుడు కుర్చీ వేశారు. పని పూర్తిగా కాలేదు, కొంత అయ్యింది. ఆ కొంత కూడా నినాదానికి కాలేదు, నోటు పుస్తకానికి అయ్యింది.

ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన పార్టీ ప్రధాన కార్యదర్శి బాధ్యత వద్దనుకున్నారు. పంథా విషయంలో భేదాలున్నాయి. పెద్ద పదవి వదిలి రాష్ట్రానికి తిరిగొచ్చి ఊళ్ళ వెంట పడ్డారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చి వేలమంది కొట్టుకుపోయినప్పుడు వలంటీర్లతో అక్కడ పనిచేశారు. మరుసటేడు, 1978 ఎన్నికల్లో, గన్నవరం మళ్ళీ ఆయనను శాసనసభకు పంపింది. మొదటిసారి గెలిచి ఇరవైమూడేళ్ళయ్యింది. ఓటు వేసినవాళ్ళలో మొదటి ఎన్నిక నాటికి పుట్టనివాళ్ళు కూడా ఉన్నారు.

ఆ అయిదేళ్ళూ ఆరోగ్యం సరిగ్గా లేదు. సభలో వాళ్ళ బలం కొద్దిమందే. ఇందిరా కాంగ్రెసు అధికారంలో ఉంది, ముఖ్యమంత్రులు వెంటవెంటనే మారారు. 1973 చట్టం కింద భూమి ఎంత తేలింది, అందులో ఎంత నిజంగా కూలీ చేతికి వచ్చింది, ఎంత కోర్టుల్లో ఇరుక్కుంది అన్నవే ఆ కాలపు ప్రశ్నలు. వ్యవసాయ కూలీకి కనీస వేతనం సంగతీ అంతే. కేంద్రం చట్టం 1948లోనే వచ్చింది, వ్యవసాయం ఆ చట్టం షెడ్యూలులో మొదటినుంచీ ఉంది. కాని చట్టం గెజిటులో ఉంటే కూలి ఆసామి నోట్లో ఉంటుంది. గట్టుమీద నిలబడి ఇంతే ఇస్తానంటే అంతే. ఆ రేటును ఊళ్ళో అమలు చేయించగలిగేది సంఘమేనని అలగానిపాడులో ఇరవై ఏళ్ళ వయసులో నేర్చుకున్న మనిషి, అరవై అయిదేళ్ళ వయసులో కూలీ సంఘాల పని వదలకుండానే సభకు వెళ్ళివచ్చారు.

1983లో సభ నుంచి సెలవు తీసుకున్నారు. రాజ్యసభ మూడేళ్ళు కలుపుకుంటే చట్టసభలలో ఇరవై ఏళ్ళు. శాసనసభ్యుడిగా పదిహేడేళ్ళు. మంత్రి పదవి లేదు, సొంత ఇల్లు లేదు, వారసులు లేరు. తన జీవితం గురించి విప్లవ పథంలో నా పయనం అన్న పేరుతో చెప్పుకున్నారు. అందులో తన గొప్పలకన్నా ఏ ఊళ్ళో ఏ సంఘం ఎలా కట్టారన్న సంగతులే ఎక్కువ. మాకు రాజకీయం నేర్పింది ఆ పుస్తకమే, అట్టలు ఊడిపోయిన కాపీ ఇప్పటికీ మా దగ్గరుంది. 1985 మే 19న ఆయన కన్నుమూశారు.

మూడేళ్ళకు, 1988లో, హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఆయన పేర విజ్ఞాన కేంద్రం తెరిచారు. ఆయన జీవితమంతా సేకరించిన పుస్తకాలు అక్కడికి చేరాయి. ఆ కుర్రాణ్ణి ఈసారి హైదరాబాదు మహాసభకు పోయినప్పుడు అక్కడికి తీసుకెళ్తామని మాటిచ్చాం. ఈలోపల వాడి పేటలో ఇళ్ళ లెక్క మొదలుపెట్టమని ఒక నోటు పుస్తకం చేతికిచ్చాం. మొన్న ఫోను చేశాడు. నలభై ఇళ్ళు అయ్యాయట. ఒక సర్వే నంబరు దగ్గర రెండు పేర్లు వస్తున్నాయి, ఏం రాయమంటారని అడిగాడు. రెండూ రాయమన్నాం.